చిన్న బడి పెట్టాలంటే: గది, జీతం, ఖాళీ శనివారం

కొత్తరకం బడి పెడదామని నలుగురు కూర్చుంటే మాట ముందు పేరు దగ్గర మొదలవుతుంది. తర్వాత లోగో, తర్వాత మామిడిచెట్లున్న స్థలం, ఆపైన రోబోటిక్స్ ల్యాబు. మే నెల జీతాలు ఎక్కణ్ణుంచి తేవాలన్న సంగతి మాత్రం మొదటి ఆరు మీటింగుల్లో ఎవరి నోటా రాదు. మన రెండు రాష్ట్రాల్లో బడి జూన్ రెండో వారంలో తెరుచుకుని ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడుతుంది. ఫీజు ఆ పదిన్నర నెలల్లోనే వస్తుంది, అదీ వాయిదాల్లో. జీతం, అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. మంచి ఆలోచనతో మొదలైన చిన్న బడులు మూడో ఏటికే మామూలు బట్టీ బడులుగా మారిపోవడానికో, తాళం పడటానికో సిద్ధాంతాల్లో లోపం కంటే ఈ వేసవి లోటే పెద్ద కారణం.

కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. జిల్లా కేంద్రంలాంటి ఊళ్లో అద్దె ఇంట్లో, మొదటి ఏడు 24 మంది పిల్లలతో తెరిచారనుకోండి. విద్యాహక్కు చట్టం చెప్పిన 25 శాతం ప్రకారం 6 సీట్లు ఉచితం. మిగిలిన 18 మంది ఏడాదికి 45,000 చొప్పున కడితే వచ్చేది 8 లక్షల 10 వేలు. ఉచిత సీట్లకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము చేతికొచ్చాకే లెక్కలో వేసుకోండి.

ఖర్చు చూడండి. ముగ్గురు టీచర్లకు నెలకు 25,000 చొప్పున 9 లక్షలు. ఆయాకు, వాచ్‌మన్‌కు 11,000 చొప్పున 2 లక్షల 64 వేలు. అద్దె నెలకు 35,000 అంటే 4 లక్షల 20 వేలు. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 84 వేలు. పుస్తకాలు, కార్డులు, బోధన సామగ్రి లక్షా 20 వేలు. రిపేర్లు, లైసెన్సులు, మందులపెట్టె వగైరా 80 వేలు. అన్నీ కలిపితే 18 లక్షల 68 వేలు, లోటు పదిన్నర లక్షలు. రెండో ఏట 48 మంది, మూడో ఏట 72 మంది అయినా లోటు తగ్గుతుందే గాని పోదు. టీచర్లు పెరుగుతారు, జీతాలూ పెరుగుతాయి. సుమారు 95 మంది పిల్లలు చేరి, ఫీజు 50,000కి వచ్చినప్పుడు, అంటే నాలుగో ఏటో ఐదో ఏటో ఖర్చుకు రాబడి సరితూగుతుంది. అప్పటిదాకా పూడ్చాల్సిన లోటు దాదాపు 27 లక్షలు, మొదట్లో మరుగుదొడ్లు, ర్యాంపు, అలమరాలు, బల్లలకు ఇంకో 7 లక్షలు. చేతిలో 35 లక్షలన్నా లేకుండా దిగితే అది ఆరంభశూరత్వమే. మీ ఊరి అద్దెలు, జీతాలు వేసి మళ్లీ కట్టుకోండి, అంకెలు మారతాయి, లోటు మొదట పెరిగి మెల్లగా తగ్గే తీరు మారదు.

ఫీజులో కనీసం సగం జీతాలకు పోవాలని 1994 జనవరి 1 నాటి జీఓ నంబరు 1లోని నిబంధన. పైన చూపించిన బడిలో మొదటి ఏడు ఫీజు మొత్తం పోసినా జీతాలకే చాలదు.

లోటు పూడ్చడానికి చాలామంది పట్టుకునే దారి ఒక్కసారిగా నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా తెరవడం. ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఐదో తరగతిలోకి వేరే బడి నుంచి వచ్చే పిల్లలు ఐదేళ్ల అలవాట్లతో వస్తారు: టీచరు చెప్పేదాకా పెన్ను తీయరు, తప్పు పడితే తెల్ల సిరా పూస్తారు, పక్కవాడితో మాట్లాడితే దెబ్బలు పడతాయనుకుంటారు. అలాంటి 20 మంది ఒక్క గదిలో ఉంటే బడి పద్ధతి వాళ్లను మార్చదు, వాళ్లే బడిని మారుస్తారు. నర్సరీ నుంచి ఒకటో తరగతి దాకా తెరిచి ఏడాదికో తరగతి పైకి పెంచుకోవడమే నయం. మధ్యలో చేరేవాళ్లు ఒక గదికి ఏడాదికి ముగ్గురు నలుగురు మించకూడదు.

ఇక కాగితాలు. బడి పెట్టేది వ్యక్తి కాకూడదు, సంస్థ ఉండాలి: సొసైటీ, ట్రస్టు, లేదా లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ. సొసైటీ అయితే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురూ ఒకే కుటుంబమైతే రిజిస్ట్రేషన్ అవుతుంది గాని మొదటి గొడవకే బడి రెండుగా చీలుతుంది. నియమావళి రాసుకునేటప్పుడే ఇద్దరు బయటివాళ్లను పెట్టుకోండి, ఎవరైనా తప్పుకుంటే వాళ్లు పెట్టిన డబ్బు చందానా అప్పా అన్నది కాగితం మీద రాసుకోండి. తర్వాత జిల్లా విద్యాధికారి (డీఈఓ) కార్యాలయం: ముందు బడి తెరవడానికి అనుమతి, ఆ తర్వాత గుర్తింపు. రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం, భవనం గట్టిగా ఉందని ఇంజినీరు ఇచ్చే ధ్రువపత్రం, పారిశుధ్య ధ్రువపత్రం, అగ్నిమాపక శాఖ పత్రం, టీచర్ల అర్హతలు, ఆటస్థలం వివరం అడుగుతారు. గుర్తింపు వచ్చాక యూడైస్ కోడు, అంటే దేశంలో ప్రతి బడికీ విడిగా ఇచ్చే సంఖ్య, 11 అంకెలది. అది లేకపోతే పిల్లవాడు వేరే బడికి మారేటప్పుడు ఆన్‌లైన్‌లో వాడి రికార్డు కదలదు. తల్లిదండ్రులకు ఇది తెలిసేది టీసీ అడిగిన రోజున, అప్పటికి చేతులు కాలి ఉంటాయి.

అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చాక ఈ పత్రాల పని మొదలుపెట్టడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఎత్తు 6 మీటర్లు దాటిన బడి భవనానికి ఫైర్ అనుమతి తప్పదు, అంటే జీ ప్లస్ వన్ ఇల్లు కూడా ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది. ఇళ్లలో మెట్లు మూడడుగుల వెడల్పుంటాయి, బడి మెట్లకు జాతీయ భవన నియమావళి అడిగేది మీటరున్నర, అంటే ఐదడుగులు. మెట్లు పగలగొట్టి మళ్లీ కట్టుకోవడానికి ఏ ఇంటాయనా ఒప్పుకోడు. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లి మెట్లు, గేటు, మరుగుదొడ్డి తలుపు కొలవండి. చిన్న బడికి ఒక్క అంతస్తు, చుట్టూ ప్రహరీ ఉన్న పాత పెంకుటిల్లో డాబానో దొరికితే అదృష్టమే. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ పట్టే ర్యాంపు, తాగునీరు, ప్రహరీ, గ్రంథాలయం: ఇవన్నీ 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలోనే ఉన్నాయి.

"ఇది బడి కాదు, లెర్నింగ్ సెంటర్" అని బోర్డు పెట్టి గుర్తింపు లేకుండా నడిపేవాళ్లూ ఉన్నారు. అదే చట్టం 18వ సెక్షన్ ప్రకారం జరిమానా లక్ష దాకా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పదివేల దాకా. ఇంకో మెలిక 13వ సెక్షన్: చేర్చుకునేటప్పుడు పిల్లవాడికి గాని తల్లిదండ్రులకు గాని వడపోత పెట్టకూడదు, డొనేషన్ తీసుకోకూడదు. ప్రత్యామ్నాయ బడులు ఇష్టంగా పెట్టే "పేరెంట్ ఇంటరాక్షన్" వడపోత అయితే అదీ తప్పే. బడి పద్ధతి ఏమిటో అందరికీ ఒకే సమావేశంలో విడమరచి చెప్పండి, దరఖాస్తులు ఎక్కువైతే అందరి ముందు చీటీలు తీయండి.

గది సంగతి. 20 అడుగులు, 25 అడుగుల గది, అంటే 500 చదరపు అడుగులు. సీబీఎస్‌ఈ అడిగే కనీస కొలతా దాదాపు ఇంతే. మామూలు బడిలో అందులో 40 మందిని కూర్చోబెడతారు. పిల్లలు గుంపులుగా కింద కూర్చుని పని చేయాలంటే 24 మంది దాటితే ఎవరో ఒకరి కాలు ఎవరో ఒకరి కాగితం మీద పడుతుంది. బెంచీలు కొనకండి. చాపలు, 15 అంగుళాల ఎత్తున్న చిన్న పీటబల్లలు ఆరు, పిల్లల చేతికందే మూడడుగుల అరలు చాలు. శ్లాబు గదిలో మాట మోగుతుంది. 24 మంది మెల్లగా మాట్లాడుకున్నా సంతలా వినిపిస్తుంది, టీచరు గొంతు పెంచుతుంది, పిల్లలూ పెంచుతారు. ఒక గోడకు పాత దుప్పట్లు బిగించి దానిమీద పిల్లల బొమ్మలు అంటిస్తే మోత తగ్గినట్టు చెవికే తెలుస్తుంది. రేకుల షెడ్డులో మాత్రం తరగతి పెట్టకండి, మార్చి దాటితే ఒంటిపూట బడి కూడా నడవదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది టీచరు సమయం గురించి. రోజుకు ఏడు పీరియడ్లూ నిలబడి పాఠం చెప్పే మనిషి కొత్తగా ఏమీ చేయలేదు. సాయంత్రానికి నోట్సులు దిద్దే ఓపికే ఉండదు, ఇక రేపటికి సామగ్రి తయారుచేసేదెప్పుడు? చట్టం టీచరుకు వారానికి 45 గంటలు లెక్క పెట్టింది, అందులో పాఠం తయారీ కూడా కలిసే ఉందన్న సంగతి యాజమాన్యాలు మర్చిపోతుంటాయి. పిల్లలతో రోజుకు 5 గంటలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా 25 గంటలు. రోజూ పిల్లలు వెళ్లాక ఒకటిన్నర గంట, శనివారం ఉదయం పిల్లలు లేని 4 గంటలు. మొత్తం 36 గంటల చిల్లర, చట్టం గీతకు చాలా లోపలే. ఆ శనివారం నాలుగు గంటలే బడికి ప్రాణం. వచ్చే వారం కార్డులు, ఈ వారం ఎవరు ఎక్కడ ఆగారు, ఏ పాఠం పారలేదు, అన్నీ అప్పుడే తేలతాయి.

అయితే ఒక లెక్క తప్పుతుంది. జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 దాకా 45 వారాలు, వారానికి ఐదు రోజులంటే 225. దసరాకు పది, సంక్రాంతికి ఐదు, వినాయకచవితి నుంచి ఉగాది, రంజాన్ దాకా పనిరోజుల మీద పడే సెలవులు పన్నెండు తీసేస్తే 198 మిగులుతాయి. ఒకటి నుంచి ఐదుకు చట్టం అడిగేది 200 రోజులు, 800 గంటలు. గంటలు వెయ్యికి దగ్గరగా వస్తాయి గాని రోజులు రెండు తక్కువ. తుఫాను సెలవులు కూడా కలిస్తే ఇంకా తక్కువ. కాబట్టి నెలకొక శనివారం పిల్లలు వచ్చేలా, అదే రోజు తల్లిదండ్రులు కూడా వచ్చేలా పెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. అక్కడ నెలకు రెండు మూడు శనివారాలు వదులుకోవాల్సిందే.

తరగతిలో ఏం చేయాలన్నదానికి ఎక్కడో వెతకక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి ఉంది. కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని 'నలి కలి' పద్ధతికి, తమిళనాడులోని ఏబీఎల్ (పనులు చేస్తూ నేర్చుకునే) పద్ధతికి పునాది అదే. గోడమీద ఒక నిచ్చెన గీసి ఉంటుంది. మెట్టు మెట్టుకీ ఒక అంశం, అందులో వరసగా పరిచయం, సాధన, పరీక్ష, వెనకబడితే మళ్లీ చేసే పని, ముందుంటే అదనపు పని. ప్రతి పనికీ ఒక కార్డు, కార్డు మీద గుర్తు. పిల్లవాడు నిచ్చెన మీద తన చోటు చూసుకుని, ట్రేలోంచి ఆ గుర్తున్న కార్డు తీసుకుని, ఆ గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా సాయం చేస్తుంది, ఒక గుంపుకు కొంత, ఒక గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, ఒక గుంపు సొంతంగా చేసుకుంటుంది.

కాగితం మీద ఎంత బాగుందో గదిలో అంత త్వరగా చెడే పద్ధతి ఇది. టీచరు సాయం కావాల్సిన గుంపులో ఒకేసారి తొమ్మిది మంది చేరతారు, ఏడుగురు ఊరికే కూర్చుంటారు, అల్లరి అక్కడ పుడుతుంది. దానికి మందు: పరిచయం కార్డు నలుగురైదుగురు కలిశాకే మొదలుపెట్టాలి, ఎదురుచూసేవాళ్లకు చదువుకునే పుస్తకం చేతిలో ఉండాలి. రెండో జబ్బు, కార్డులు పోవడం. ప్రతి కార్డూ రెండు కాపీలు, లామినేషన్, శుక్రవారం ఆఖరి పావుగంట ట్రేలు లెక్కపెట్టడం పిల్లల పని. మూడోది అన్నిటికంటే మోసకారి. పిల్లవాడు చకచకా మెట్లెక్కుతుంటాడు, పక్కవాడి జవాబు చూసి. అందుకే పరీక్ష కార్డు మాత్రం టీచరు ఎదురుగానే.

చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నపత్రం అవసరం లేదు. పిల్లవాడు చూడని పేరా, 60 మాటలది, ఎదురుగా పైకి చదివించండి. మీ చేతిలో అదే పేరా ఇంకో కాపీ. తప్పు చదివిన మాట కింద గీత, వాడు చదివిందేమిటో పైన రాసుకోండి. మూడు తప్పుల లోపైతే ఆ స్థాయి పుస్తకం ఒంటరిగా చదువుకోనివ్వండి. ఆరు దాకా అయితే టీచరు పక్కన ఉండాలి. దాటితే పుస్తకం మార్చాలి. ఇంగ్లిషులో దీనికి వంద మాటలు తీసుకుంటారు. తెలుగులో "తీసుకువెళ్లమన్నాడు" ఒక్క మాటే, కాబట్టి 60 చాలు. తప్పుల లెక్క కంటే తప్పు రకం ముఖ్యం. "కొన్నాడు" ను "కొనాడు" అన్న పిల్లకు ఒత్తు పని కావాలి. "చెరువు" ను "చెట్టు" అని చదివిన పిల్లవాడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు, వాడికి ఒత్తులు రాయించి లాభం లేదు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, నెలకొకసారి, 24 మందికి గంటన్నర చిల్లర.

భవిష్యత్తుకు సిద్ధం చేయడమంటే ఏమిటని అడిగితే ఒక కుళాయి చూపించవచ్చు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు మూడు వారాల పని: మన బడి రోజుకు ఎన్ని నీళ్లు వాడుతోంది? డాబా మీద సింటెక్స్ ట్యాంకు 1000 లీటర్లు. ఉదయం నిండుగా ఉంటే సాయంత్రం ఎంత ఉందో చూడాలి, లోపలికి కర్ర దించి తడి కొలవాలి, పైకెక్కేది పెద్దవాళ్లు, కొలత రాసేది పిల్లలు. ట్యాంకు గుండ్రం, ఎత్తులో సగమంటే నీళ్లలో సగమేనా? పైన సన్నబడుతోంది కదా! కుళాయి కింద 15 లీటర్ల బకెట్టు నిండటానికి ఎన్ని సెకన్లు? కారుతున్న కుళాయి కింద సీసా పెడితే గంటకు 250 మిల్లీలీటర్లు పడింది, అంటే రోజుకు 6 లీటర్లు. వాచ్‌మన్‌ని అడగాలి, ఇంటాయనకు వాషరు మార్చమని తెలుగులో ఉత్తరం రాయాలి. రాసి, మార్చాక మళ్లీ సీసా పెట్టాలి.

ఇలాంటి పని ఎలా పాడవుతుందో కూడా తెలుసుకోండి. రెండో రోజు కొలతలు పొంతన కుదరవు, ఒక గుంపు 410 అంటుంది, ఒకటి 560. అప్పుడు టీచరు "సరైంది 480" అని చెప్పేస్తే పని అక్కడితో చచ్చిపోయింది. తేడా ఎందుకొచ్చిందో వెతకడమే అసలు పాఠం: కర్ర వంకరగా దించారా, మధ్యలో మోటారు వేశారా. ఇంకో చావు ప్రదర్శన రోజు. తల్లిదండ్రుల కోసం షాపులో కొన్న థర్మాకోల్, మెరుపు కాగితం, అమ్మ రాసిన చార్టు. మరకలు పడ్డ కొలతల నోటుబుక్కునే బల్ల మీద పెట్టించండి.

కంప్యూటర్ల మీద ఎక్కువ చెప్పను. 24 మందికి 24 ట్యాబులు దండగ. పాత ల్యాప్‌టాప్‌లు ఆరు, నలుగురికి ఒకటి చొప్పున, పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్ ఆఫ్‌లైన్‌లో. 2020 జాతీయ విద్యావిధానం కూడా కోడింగ్‌ను మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచే చెప్పింది. ఏఐ మొదట టీచర్లకు పనికొస్తుంది, ఒకే పేరాను మూడు స్థాయుల్లో రాయించుకోవడానికి. తెలుగులో అది రాసే మాటలు ఒకసారి పైకి చదువుకుని దిద్దాలి. ఆ జాతీయ విద్యావిధానంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పుస్తకాల సంచి లేని 10 రోజులున్నాయి, ఊళ్లో వడ్రంగి, కుమ్మరి దగ్గర పని నేర్చుకునే రోజులు. రోబో కిట్టు కంటే ముందు ఆ పది రోజులు సరిగ్గా చేయండి.

తల్లిదండ్రులు సంక్రాంతి వెళ్లగానే అడ్మిషన్ల కోసం తిరుగుతారు, వాళ్లడిగేవి రెండే. "యూకేజీకి రాయడం వస్తుందా?" "ఐఐటీ ఫౌండేషన్ ఉందా?" రెండోదానికి లేదని సూటిగా చెప్పేయండి, సీటు నిండకపోయినా సరే. ఉందని చెప్పి చేర్చుకున్న పది మంది ఆరో తరగతికల్లా మీ టైంటేబుల్ మార్పించేస్తారు. మొదటిదానికి మాటలతో ఒప్పించలేరు. నెలకొక శనివారం పిల్లల నోటుబుక్కులు జూన్‌వి, నవంబరువి పక్కపక్కన పెట్టి చూపించాలి. నాలుగేళ్ల పిల్లలు పిండి పిసకడం, పూసలు గుచ్చడం ఎందుకో ఆ వేలి పట్టు చూపిస్తూనే చెప్పాలి. రోజూ వాట్సాప్‌లో ఫొటోలు పెట్టే అలవాటు చేయకండి. టీచరు కళ్లు పిల్లల మీద కాక ఫోను మీద ఉంటాయి, పైగా 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది.

ఎనిమిది దాటాక ఏమిటన్నది ఐదో తరగతి తెరిచేముందే తేల్చుకోవాలి. మూడు దారులు: రాష్ట్ర బోర్డు, సీబీఎస్‌ఈ, జాతీయ ఓపెన్ స్కూలు (ఎన్‌ఐఓఎస్). సీబీఎస్‌ఈకి స్థలం కొలతలు ఊరిని బట్టి మారతాయి గాని అద్దె ఇంటి బడికి అందేవి కావు, ల్యాబులు, గ్రంథాలయానికి కూడా కొలతలున్నాయి. రాష్ట్ర బోర్డుకు ఉన్నత పాఠశాలగా మళ్లీ అనుమతి, సబ్జెక్టుకొక బీఈడీ టీచరు. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, సబ్జెక్టులు పిల్లలే ఎంచుకోవచ్చు, కానీ ఇంటర్ కాలేజీ గుమాస్తా ఆ సర్టిఫికెట్ చూసి సందేహపడితే వెంట వెళ్లి మాట్లాడే మనిషి బడిలో ఒకరుండాలి. నాలుగో దారి కూడా ఉంది, ఎనిమిదితో ఆపేయడం. అలా ఆపేటట్టయితే ఏడో తరగతి నుంచే మూడు గంటల రాతపరీక్ష, ఓఎంఆర్ షీటు, ఇంగ్లిషులో సైన్సు జవాబు అలవాటు చేయించండి, చుట్టుపక్కల ఏ హైస్కూళ్లు తొమ్మిదిలో చేర్చుకుంటాయో ముందే వెళ్లి కనుక్కుని తల్లిదండ్రులకు రాసివ్వండి.